కాలదోషము — పరస్పర ఖాతా
(ప్రసంగ పాఠము)

మన బజారులలో కొన్ని అంగళ్ళ గోడలపై ‘అరువు రేపు’ అని వ్రాసి యుండుట శ్రోతలలో అనేకులు చూచియే యుందురు. ఆ పలక క్రింద కూర్చుండియు అరువు వ్రాసికొనని వర్తకుడు మాత్రము అరుదు. వర్తకమునకు రొక్కము ఎంత అవసరమో నమ్మకమును అంతే అవసరము. పంట వచ్చిన పిదప ఇచ్చెదనని రైతు, బిల్లు మంజూరైన పిదప ఇచ్చెదనని గుత్తదారు, సంక్రాంతి వెళ్ళిన పిదప చూతమని చిల్లర వర్తకుడు చెప్పుదురు. ఇచ్చినవాడు మొగమాటముచే ఊరకుండును. ఇట్లు ఊరకున్న కాలమునకు చట్టము ఏమి వెల కట్టుచున్నదో ఈనాడు కొంత విచారింతము.

దినము గడచినకొలది సాక్ష్యము చెడును. చూచినవారు మరణింతురు, రసీదులు చినుగును, జ్ఞాపకము మసకబారును. పాతిక యేండ్లనాటి బాకీని తీర్చి వేసితినని ఋజువు చేయుము అని తండ్రి లావాదేవీలెరుగని కుమారుని అడుగుట న్యాయము కాదు. అందుచేతనే దావా వేయుటకు ఒక గడువు ఉండవలెనని చట్టము శాసించినది. మన దేశమున ఇప్పుడు అమలునందున్న కాలపరిమితి చట్టము 1963వ సంవత్సరములో చేయబడి, 1964 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. దీనికి పూర్వము 1908నాటి చట్టము ఉండెను.

ఈ చట్టమున మూడవ సెక్షను మిక్కిలి కఠినమైనది. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ సంగతి ఎత్తి చూపకున్నను, న్యాయస్థానము తనంతట తానే కొట్టివేయవలెను. అప్పీళ్ళు ఆలస్యమైనప్పుడు తగిన కారణము చూపి క్షమింపుమని కోరవచ్చును గాని, దావా వేయుటలోని ఆలస్యమునకు ఆ సౌకర్యము లేదు. జబ్బు పడితిననియు, పెద్దమనుషులు మాట్లాడుచుండిరనియు చెప్పి లాభము లేదు.

సరకు అరువిచ్చినప్పుడు గడువు మూడు సంవత్సరములని మన వర్తకులందరు ఎరుగుదురు. ఆ మూడు సంవత్సరములు ఏనాటినుండి మొదలగునో మాత్రము పలువురు పొరపడుచుందురు. అరువునకు గడువు పెట్టనిచో, సరకు అప్పగించిన నాటినుండియే లెక్క. ఇన్ని దినములలో చెల్లింపవలెనని ఒప్పందము ఉన్నచో, ఆ దినములు ముగిసిన నాటినుండి లెక్క. ఖాతా ఒక్కటే అయినను, అందలి ప్రతి సరకు పద్దునకు దాని గడువు దానికే నడచుచుండును.

ఒక ఉదాహరణము చెప్పికొందము. తెనాలిలో ఇనుప సామగ్రి అమ్ము వర్తకుడొకడు ఒక ఇండ్ల గుత్తదారునకు 2022 మే 12న 80,000 రూపాయల సరకు, అదే సంవత్సరము నవంబరు 5న 1,20,000 రూపాయల సరకు, 2023 ఆగస్టు 20న 60,000 రూపాయల సరకు అరువిచ్చెననుకొందము. నడుమ గుత్తదారు రెండుసార్లు కలిపి 25,000 రూపాయలు రొక్కముగా ఇచ్చెను. వర్తకుడు తన చిట్టాలో తానే జమ వ్రాసికొనెను. గుత్తదారుచే సంతకము పెట్టింపలేదు. మిగిలిన బాకీ 2,35,000 రూపాయలు. 2026 ఏప్రిలులో వర్తకునకు ఓపిక నశించి వకీలు నొద్దకు పోయెను. ఏమైనది? తొలి పద్దునకు 2025 మే 12తోను, రెండవ పద్దునకు 2025 నవంబరు 5తోను గడువు తీరిపోయినది. జమ అయిన 25,000 తొలి పద్దునకు కట్టినను, 1,75,000 రూపాయలకు కాలదోషము పట్టినది. కోర్టులో వసూలుకు నిలుచునది కడపటి 60,000 మాత్రమే.

అప్పుడు వర్తకుడు చెప్పు మాట యొకటి కలదు. “మా యిద్దరి నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ఎప్పుడును ఉన్నది. నేను సరకిచ్చితిని, అతడు సొమ్మిచ్చెను. ఖాతా నడచుచునే యున్నది. ఇది పరస్పర ఖాతా కాదా?” అని. ఈ ప్రశ్నలోనే ఈనాటి మన ప్రసంగమునకు ముడి యున్నది.

పరస్పరమై, తెరచియుండి, నడచుచున్న ఖాతాలో ఇరువురికి ఒకరినుండి యొకరికి రావలసిన బాకీలున్నప్పుడు, వానిపై తేలిన నిల్వ కొఱకు వేయు దావాకు చట్టము ప్రత్యేకమైన లెక్క పెట్టినది. 1908నాటి చట్టములో ఇది 85వ అధికరణము. ఇప్పటి చట్టపు అనుబంధములో ఇదియే మొట్టమొదటి అధికరణము. దీని ప్రకారము, ఒప్పుకొనబడిన లేక ఋజువైన కడపటి పద్దు ఏ ఖాతా సంవత్సరములో పడినదో, ఆ సంవత్సరాంతమునుండి మూడు సంవత్సరములు లెక్కింపబడును. ఆ సంవత్సరము ఖాతాలో అనుసరించిన సంవత్సరమే. మార్చి 31న ముగించు ఖాతాకు అదియే సంవత్సరాంతము. దీపావళితో ముగించు ఆచారమున్న ఖాతాకు దీపావళియే.

మన తెనాలి వర్తకునికి ఇది వర్తించినచో, కడపటి పద్దు 2023 ఆగస్టు 20; సంవత్సరాంతము 2024 మార్చి 31; గడువు 2027 మార్చి 31 వరకు. బాకీ అంతయు బ్రతికియుండెడిది. కాని అతనికిది వర్తింపదు. కారణమేమి?

చెన్నపట్టణపు హైకోర్టు 1871లో హిరద బసప్ప, గాడిగి ముద్దప్పల వ్యాజ్యమున దీనికి చక్కని గీటురాయి నిచ్చినది. తెలుగు జిల్లాలనేకము ఆనాడు ఆ న్యాయస్థానపు అధికారములోనే యుండెను. ఆ తీర్పు సారమిది: ఖాతా పరస్పరము కావలెనన్నచో, ఇరువైపుల లావాదేవీలును ఒకదానిపై నొకటి ఆధారపడని బాధ్యతలను పుట్టింపవలెను. ఒకరివైపున బాకీ పుట్టుచు, రెండవవారివైపున ఆ బాకీ తీరుటయే జరుగుచున్నచో, అది పరస్పరము కాదు. 1959లో హిందుస్థాన్ ఫారెస్టు కంపెనీ వ్యాజ్యములో సుప్రీముకోర్టు ఈ సూత్రమునే ఆమోదించి, సరకు కొన్నవారు వెల క్రింద ఇచ్చిన సొమ్ములు ఖాతాను పరస్పరము చేయజాలవని నిర్ణయించెను.

తెనాలి గుత్తదారు ఇచ్చిన సొమ్ము వెల తీర్చుటయే. దానివలన వర్తకుడు అతనికి బాకీపడలేదు. ఇపుడు మరియొకరిని చూతము. తాడేపల్లిగూడెములోని బియ్యపు మిల్లు యజమాని, రాజమహేంద్రవరములోని గోనెసంచుల వర్తకునకు మూడు లక్షల రూపాయల బియ్యము అమ్మెను. ఆ వర్తకుడు అదే కాలమున మిల్లునకు 2,20,000 రూపాయల సంచులు అమ్మెను. ఏనాటి వెల ఆనాడు చెల్లింపక, ఉభయులు ఒకే ఖాతాలో ఇరువైపుల వ్రాసికొని, కడపట తేలిన నిల్వ ఇచ్చిపుచ్చుకొందమని నడపిరి. బియ్యము వెల వేరు బాకీ, సంచుల వెల వేరు బాకీ. ఇది నిజమైన పరస్పర ఖాతా. ఒకనాడు నిల్వ ఇతనివైపు, ఒకనాడు అతనివైపు మొగ్గుటయు ఇట్టి ఖాతాలకు ఒక గురుతు. ఇందు తేలిన 80,000 రూపాయలకే మిల్లు యజమానికి మొదటి అధికరణపు రక్ష దొరకును.

అట్లయిన ఒకవైపు ఖాతాగల వర్తకుడు నిరాధారుడా? కాదు. ప్రామిసరీ నోటు వెనుక మూడేండ్లలోపల చెల్లు వ్రాయించుకొనుట మన పల్లెలలో అందరెరిగినదే. ఖాతా బాకీకిని అదే మార్గము. గడువు తీరకముందే బాకీపడినవాడు వ్రాతమూలముగా బాకీని ఒప్పుకొని సంతకము చేసినచో, 18వ సెక్షను ప్రకారము ఆనాటినుండి క్రొత్తగా మూడేండ్లు మొదలగును. ఖచ్చితమైన మొత్తము వ్రాయకున్నను చెల్లును. గడువులోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపును తన చేతితో వ్రాసిగాని, సంతకము చేసిగాని యిచ్చినచో 19వ సెక్షను అదే మేలు చేయును. తెనాలి గుత్తదారు ఆ 25,000 ఇచ్చిన రెండు దినములలోను చిట్టాలో సంతకము చేసియుండినచో, వర్తకుని కథ వేరుగా నడచియుండెడిది. సంతకము అడుగుటకు పట్టిన మొగమాటము అతనికి లక్షకు పైగా ఖర్చు తెచ్చినది.

గడువు దాటిన పిదప ఒప్పుకోలు మాత్రము పనికిరాదు. అప్పటికి మిగిలినది 1872నాటి కాంట్రాక్టు చట్టములోని 25వ సెక్షను. కాలదోషము పట్టిన బాకీని చెల్లించెదనని వ్రాసి సంతకము చేసినచో, అది చెల్లుబడియగు క్రొత్త వాగ్దానమగును. ‘బాకీ ఉన్నమాట నిజమే’ అనుట చాలదు. ‘చెల్లింతును’ అని ఉండవలెను.

ఇటీవలి మార్పులు రెండు చెప్పవలసియున్నవి. కోవిడు విపత్తు కారణముగా 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలమును గడువులలో లెక్కింపరాదని సుప్రీముకోర్టు ఉత్తరువు చేసినది. ఆ నాటి బాకీలుగలవారు ఈ సంగతి మరువరాదు. రెండవది, మూడు లక్షల రూపాయలు మొదలుకొని వాణిజ్య వివాదములు వాణిజ్య న్యాయస్థానముల చట్టము క్రిందికి వచ్చును. అందు తక్షణ ఉపశమనము కోరని దావాలకు ముందుగా మధ్యవర్తిత్వమునకు పోవలెను. ఆ మధ్యవర్తిత్వమునకు పట్టిన కాలము గడువులో చేరదు. ఊరి పెద్దల రాయబారమునకు మాత్రము ఈ మినహాయింపు లేదు.

కడపట ఒక్కమాట. కాలదోషము బాకీని చంపదు. కోర్టు తలుపును మాత్రమే మూయును. అట్టి బాకీని తనంతట తీర్చినవాడు కాలదోషము పేరు చెప్పి ఆ సొమ్మును తిరిగి అడుగజాలడు. చట్టము విడిచినను మనస్సాక్షి విడువని బాకీలు కలవు. అయినను పరుల మనస్సాక్షిని నమ్మి తన బిడ్డల అన్నమును ఆవర్జాలో నిదురపుచ్చుట వివేకము కాదు. ప్రతి సంవత్సరాంతమున ఖాతా తెరచి, నిల్వ తేల్చి, ఎదుటివారిచే ఒక్క సంతకము చేయించుకొనుడు. అది అవమానము కాదు, ఉభయులకును క్షేమము. స్నేహము చెడునను భయమేల? లెక్క తేలని చోటనే స్నేహములు చెడును.