ఫిజియోథెరపిస్టు పని

ఫిజియోథెరపిస్టు అనగానే చాలామందికి కరెంటు పెట్టే మెషీన్లు, మర్దన గుర్తొస్తాయి. ఆ పని అంతటితో అయిపోదు. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దావిడ మంచం దగ్గర కాసేపు నిలబడి చూడండి. చాలాచోట్ల ఆ రోజో మర్నాడో ఆమెను లేపి, వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తారు. తర్వాత గోనియోమీటర్ తీస్తారు. దానికి రెండు పుల్లలుంటాయి. ఒకటి తొడ వెంట, ఇంకోటి పిక్క వెంట ఆనించి, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో రాసుకుంటారు. కుర్చీలో కుదురుగా కూర్చోవాలంటే 90 డిగ్రీలైనా వంగాలి. నిన్న 70, ఇవాళ 75 అయితే, ఆ అయిదు డిగ్రీలే ఇవాళ్టి సంపాదన. "ఇంక నావల్ల కాదమ్మా" అనే మాట ఫిజియోథెరపిస్టులకు రోజూ వినిపిస్తుంది. ఏ నొప్పి దగ్గర ఆగాలో, ఏ నొప్పిని ఓర్పుతో దాటించాలో తెలియడమే ఈ వృత్తిలో అసలు నేర్పు అని నా నమ్మకం.

పక్షవాతం వచ్చినవాళ్లుంటే, వాళ్లను ఎలా లేపాలో ఇంట్లోవాళ్లకూ నేర్పాలి. పడిపోయిన చేతిని పట్టి లాగి మనిషిని లేపకూడదు. కండరాల పట్టు సడలిన భుజం కీలు జారిపోవచ్చు. దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఫిజియోథెరపిస్టు చదువు నాలుగేళ్లు, ఆపైన ఇంటర్న్‌షిప్. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టంలో వీరికి చోటు దక్కింది. ఎప్పుడో రావాల్సిన గుర్తింపు అది.

రోజంతా వంగుతూ, మనుషుల బరువు కాస్తూ ఉండే వీళ్లలో నడుంనొప్పి మామూలే. మీ ఇంటికొచ్చి పెద్దాయన్ని లేపుతుంటే, ఎలా పట్టుకోవాలో అడిగి, రెండోవైపు మీరూ సాయం పట్టండి.