చూపుకు కళ్ళెం



ఈ సభాస్థలి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అశోక్‌నగర్ గదుల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి అక్కడ కుర్చీ పట్టుకుంటారు. వాళ్ళలో ఒకరికి ఎదురుగా కూర్చుని కళ్ళను గమనించండి. చూపు పంక్తి వెంట నున్నగా జారదు. ఒకచోట ఆగుతుంది, టక్కున గెంతుతుంది, మళ్ళీ ఆగుతుంది. పంక్తి చివర ఒకే పెద్ద గెంతుతో ఎడమ అంచుకు వచ్చేస్తుంది. అర్థంకాని మాట తగిలితే వెనక్కీ గెంతుతుంది. ఈ గెంతునే సెకేడ్ అంటారు. ఆగడానికి సుమారు పావు సెకను పడితే, గెంతడానికి అందులో పదోవంతు చాలు. చదువుతున్నా, రోడ్డు దాటుతున్నా, మనిషి ముఖం చూస్తున్నా సెకనుకు దాదాపు మూడు గెంతులు. అంటే మెలకువగా ఉన్నంతసేపట్లో లక్షకు పైమాటే.

ఇన్నిసార్లు కన్ను దూకుతున్నా లోకం అదిరినట్టు మనకు అనిపించదు. ఇంటికి వెళ్ళాక అద్దం ముందు నిలబడి, ఎడమ కన్ను నుంచి కుడి కన్నుకు చూపు మార్చండి. మీ కళ్ళు కదలడం మీకు కనబడదు. పక్కన నిలుచున్నవారికి స్పష్టంగా కనబడుతుంది. గెంతే ఆ క్షణంలో చూపును మెదడు అణచిపెడుతుంది.

మరి ఎటు గెంతాలో ఎవరు నిర్ణయిస్తారు? మధ్యమెదడులో సుపీరియర్ కాలిక్యులస్ అనే జత బుడిపెలున్నాయి. మన ఎదుట ఉన్న ప్రదేశమంతటికీ అక్కడొక పటం ఉంటుంది. పటంలో ఏ చోటి కణాలు జోరందుకుంటే చూపు ఆ దిక్కుకు, అంత దూరం దూకుతుంది. నుదుటి వెనక ఉన్న ఫ్రంటల్ ఐ ఫీల్డ్ పైనుంచి దానికి సూచనలు పంపుతుంది. వెలుగు కనబడ్డాక కన్ను కదలడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. సమాచారం కాలిక్యులస్‌కు చేరి, కండరానికి ఆజ్ఞ వెళ్ళడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. మిగిలిందంతా నిర్ణయానికి పట్టే కాలమే. డగ్ హేన్స్, జెఫ్రీ షాల్ 1996లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, ఫ్రంటల్ ఐ ఫీల్డ్ కణాల చురుకుదనం ఒక నిర్ణీత స్థాయికి చేరినప్పుడే చూపు దూకింది. ఆ స్థాయికి త్వరగా చేరితే త్వరగా దూకుతుంది, నెమ్మదిగా చేరితే ఆలస్యమవుతుంది.

నన్ను అన్నిటికంటే కదిలించే సంగతి ఇంకొకటి ఉంది. ఒకిహిడే హికోసాకా, రాబర్ట్ వుర్ట్జ్ 1983లో చూపించినదేమిటంటే, సబ్‌స్టాన్షియా నైగ్రాలోని కణాలు ఎడతెగకుండా కాలిక్యులస్‌ను అణచిపట్టి ఉంచుతాయి. అవి ఒక్క లిప్తపాటు మౌనం వహిస్తేనే చూపుకు దారి దొరుకుతుంది. మెదడు కాండంలో మరో కళ్ళెం ఉంది. కన్ను నిలకడగా ఉన్నంతసేపూ పనిచేస్తూ, గెంతేటప్పుడు మాత్రమే ఆగే కణాలవి. నా దృష్టిలో మెదడు పడే అసలు కష్టం చూపును కదిలించడానికి కాదు, అనవసరంగా కదలకుండా ఆపడానికి. కుడివైపు దీపం మెరిస్తే ఎడమవైపు చూడమని అడగండి. నుదుటి వెనక భాగం దెబ్బతిన్నవారు ఆపుకోలేక దీపం వైపే చూసేస్తారు.

ఈ రంగంలో మనవాళ్ళ కృషీ ఉంది. తెలుగులో విరివిగా విజ్ఞాన రచనలు చేసే వి. శ్రీనివాస చక్రవర్తి గారు ఐఐటీ మద్రాసులో ఆచార్యులు. సబ్‌స్టాన్షియా నైగ్రా కూడా భాగమైన బేసల్ గాంగ్లియా చూపు గెంతులను ఎలా నడుపుతుందో ఆయన బృందం కంప్యూటర్ నమూనా కట్టింది. అందులోని పరోక్ష మార్గం కొత్తచోట్లను వెతకడానికి తోడ్పడుతుందేమోనని 2011లో ప్రతిపాదించింది. బేసల్ గాంగ్లియా పనితీరు దెబ్బతినే పార్కిన్సన్స్ రోగుల చూపును అర్థం చేసుకోవడానికి ఇలాంటి నమూనాలు అవసరం.

ఇక వైద్యానికి వస్తాను. 1971లో ముంబైకి చెందిన నోషిర్ వాడియా, స్వామి తొమ్మిది కుటుంబాల్లో ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించారు. నడక తూలడంతోపాటు ఆ రోగుల కళ్ళు గెంతడం మాని మెల్లగా పాకుతాయి. ఆ వర్ణనకు సరిపడే వ్యాధిని ఇప్పుడు ఎస్‌సీఏ 2 (స్పైనోసెరిబెల్లర్ అటాక్సియా 2) అంటున్నాం. గెంతుకు ఊపునిచ్చే కణాలు మెదడు కాండంలో క్షీణించడమే ఇందుకు కారణం. ఇక 1964లో వర్ణితమైన పీఎస్‌పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ) అనే వ్యాధిలో పైకీ కిందికీ గెంతే శక్తి ముందుగా మందగిస్తుంది. కంచంలో ముద్ద కనబడదు, మెట్లు దిగలేరు, ఉన్నట్టుండి వెనక్కి పడిపోతారు. పాపం, ఇంట్లోవాళ్ళు చత్వారమనుకుని అద్దాలు మార్పిస్తూ తిరుగుతారు.

ఇక్కడున్న యువ వైద్యులకు ఒక్క మాట. వేలు చూపించి దాని వెంట చూడమంటే ఈ లోపం బయటపడకపోవచ్చు, మెల్లగా వెంబడించడం వారికి ఇంకా చేతనవుతూ ఉండవచ్చు. ఒక వేలు పైన, ఒక వేలు కింద పెట్టి, ఒకదాని నుంచి మరోదానికి చూపు మార్చమనండి. గెంతు మందగిస్తే మీ కంటికే తెలుస్తుంది. దీనికి యంత్రం అక్కర్లేదు, నిమిషం చాలు. ఇక అందరికీ చెబుతున్నాను, మీ ఇంట్లో పెద్దవారు కారణం లేకుండా పడిపోతుంటే అద్దాలతో సరిపెట్టకండి. నరాల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళి, ఈ పరీక్ష చేయమని మీరే అడగండి.