సగము నేలలో, సగము పైన: పెరటి ఈతతొట్టి

మన శ్రోతలలో అనేకుల పిల్లలు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, ముఖ్యముగా డల్లాసు నగర పరిసరములలో, ఇండ్లు కొనుక్కొని స్థిరపడియున్నారు. అక్కడ వేసవిలో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీటు దాటుట వింత కాదు. ఇంటి వెనుక పెరడు, పెరటిలో పచ్చిక, ఇంటిలో చిన్నపిల్లలు. ఇన్ని ఉన్నచోట ఏదో ఒక వేసవిలో ఈతకొలను మాట రాక మానదు. నేల త్రవ్వి కాంక్రీటుతో కట్టించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందుచేత పలువురు నేలపై నిలుపు రేకుతొట్టిని తెప్పింతురు. పెరడు ఏటవాలుగా ఉన్నను, తొట్టి ఎత్తుగా నిలిచి కంటికి ఇంపుగా లేదనిపించినను, దానిని సగము నేలలోనికి దింపుదమని ఆలోచింతురు. ఆ పనిని గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచినాము.

అది అక్కడివారి విషయము, ఇక్కడ రేడియో వద్ద కూర్చున్న మాకేల అని అనుకొనకుడు. మనుమలను చూచుకొనుటకు వెళ్లి నెలల తరబడి ఆ ఇండ్లలో ఉండు తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు మీరే. కొడుకు, కోడలు ఉద్యోగములకు పోయిన పగటివేళ ఆ తొట్టి దాపున పిల్లవానితో ఉండవలసినదియు మీరే.

ఇట్టి తొట్టి గోడ సాధారణముగా పలుచని ఉక్కు రేకు. 15 అడుగుల వ్యాసము గల గుండ్రని తొట్టిలో 4 అడుగుల నీరు నింపినచో ఆ నీరు సుమారు 20 వేల లీటర్లు, అనగా 20 టన్నుల బరువు. అడుగున ప్రతి చదరపు అడుగు రేకుపై దాదాపు 250 పౌనుల ఒత్తిడి పడును. అంత ఒత్తిడికి పలుచని రేకు ఎట్లు ఓర్చునని సందేహము కలుగుట సహజము. నీరు అన్ని వైపులకు సమముగా నెట్టుచుండుటచే రేకు చుట్టంతట బిగువుగా లాగబడును. లాగుడుకు ఉక్కు గట్టిది. పీపాకు వేసిన ఇనుపకట్టు పనిచేయు తీరు ఇదియే. అదే రేకును వెలుపలినుండి నెట్టి చూడుడు, కథ మారిపోవును. ఖాళీ నూనెడబ్బా ఒక్క చేతి వత్తుడుకే సొట్టపడుట అందరు ఎరిగినదే గదా. మన నూతులలో దింపు వరలు చుట్టునున్న మట్టిని మోయగలుగుటకు కారణము వాని దళసరి. ఈ రేకుకు ఆ దళసరి లేదు. నేలపై నిలుచుటకు చేసిన తొట్టిని భూమిలో దింపుట అనగా, లోపలినుండి లాగుడుకు చేసిన వస్తువును వెలుపలి నెట్టుడుకు ఒప్పగించుటయే. అందుచేతనే తయారుచేయు కంపెనీలలో పెక్కు, గోడను పూడ్చినచో తమ గ్యారంటీ చెల్లదని ముందే వ్రాయుచున్నవి.

డల్లాసు ప్రాంతమున ఇంకొక చిక్కు కలదు. అది మన కర్నూలు, గుంటూరు రైతులకు క్రొత్త కాదు. డల్లాసునుండి వేకో, ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో వరకు సాగిన భూమిని అక్కడివారు నల్లనేల మైదానమని పిలుతురు. అది మన నల్లరేగడికి దాయాది. శాస్త్రజ్ఞులు రెండింటిని ‘వర్టిసాల్’ అను ఒకే తరగతిలో చేర్చినారు. అక్కడను ఒకప్పుడు విరివిగా పండినది పత్తియే. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. రేగడిపై కట్టిన ఇండ్ల గోడలు బీటలు వారుట మనము చూచినదే. అట్టిచోట తొట్టిని దింపి, త్రవ్విన మట్టినే మరల రేకు చుట్టు కూరినచో, పెద్దవాన పడినపుడు ఆ మట్టి ఉబ్బి రేకును లోనికి నెట్టును. పైగా తడిసిన రేగడి నీటిని త్వరగా ఇంకనీయదు. త్రవ్విన గొయ్యి మూకుడు వలె, ఇంటికప్పునుండియు పచ్చికనుండియు జారిన వాననీటిని పట్టి ఉంచును. నీరు పల్లమెరుగునన్న సామెత ఇచట అక్షరాల నిజము. ఎడతెగని ఆ తేమలో రేకు త్రుప్పు పట్టుటయు వేరే చెప్పనక్కరలేదు.

ఇన్ని ఎరిగియు దింపదలచినవారు ఎట్లు చేయవలెను? గునపము పట్టుటకు ముందు 811 అను నంబరుకు ఫోను చేయవలెను. 2007 నుండి ఆ దేశమంతట ఈ ఏర్పాటు కలదు. భూమిలోని గ్యాసు గొట్టములు, విద్యుత్తు తీగలు ఎటు పోవుచున్నవో రుసుము లేకుండ రంగుగుర్తులు వేసి చూపుదురు. నేలను సమము చేయునపుడు ఎత్తుగా ఉన్న వైపు చెక్కవలెనే గాని, పల్లపు వైపు మట్టి పోసి లేపకూడదు. పోసిన మట్టి 20 టన్నుల క్రింద క్రుంగక తప్పదు. ఇక మట్టిని ఆపు ఉపాయములలో మాకు మేలుగా తోచినది ఇది: గోతి అంచున వేరుగా దళసరి అడ్డుగోడ కట్టించి, దానికిని తొట్టికిని నడుమ సందు విడుచుట. మట్టిని అడ్డుగోడ మోయును, నీటిని తొట్టి మోయును. ఆ సందులో పడిన వాననీరు పోవుటకు అడుగున దారి మాత్రము ఉండవలెను. దీనికి ఖర్చు ఎక్కువని వెనుదీయువారు, భూమిలో దింపుటకే తయారైనదని కంపెనీవారు వ్రాతమూలకముగా చెప్పిన తొట్టినే కొనవలెను. అప్పుడును చుట్టు కూరవలసినది రేగడి కాదు, శుభ్రమైన కంకర. కంకర అడుగున రంధ్రములు గల గొట్టము పరచి, దాని కొసను పెరటి పల్లమునకు చేర్చవలెను. కంకర పోయుచున్నంత సేపు తొట్టిలోని నీరు దానికంటె ఎత్తున ఉండునట్లు చూచుకొనవలెను. విద్యుత్తు పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకు విడుచుట తప్ప వేరు మాట లేదు.

సగము దింపిన తొట్టిని ఎన్నడును పూర్తిగా ఖాళీ చేయరాదు. లోపల నీరు ఉన్నంతకాలము అది వెలుపలి మట్టికి ఎదురు నిలుచును. నీరు తీసిన మరుక్షణము రేకు ఒంటరిదగును. కొన్నేండ్లకు లోపలి వినైల్ పొర మార్చవలసివచ్చినపుడు గోడలు లోనికి ఒరుగుట కలదు. ఆ పనిని వాన లేని దినములలో, నేల ఎండియున్నప్పుడు, తెలిసినవారిచేత చేయించుట మంచిది.

రేకు చెడినచో డబ్బుతో పోవును. అంతకంటె పెద్ద మాట ఒకటి ఉన్నది. అమెరికాలో పలు పట్టణములు అనుసరించు నమూనా నిబంధనల ప్రకారము, 24 అంగుళములు మించి లోతు గల నీటి చుట్టు కనీసము 48 అంగుళముల ఎత్తున అడ్డు ఉండవలెను. నేలపై నిలిచిన తొట్టి గోడ అంత ఎత్తు ఉన్నచో ఆ గోడయే అడ్డుగా చెల్లును. నిచ్చెన తీసి దాచిన చాలును. ఇప్పుడు లెక్క చూడుడు. గోడ ఎత్తు 52 అంగుళములు. రెండడుగులు భూమిలో దింపినచో పైన మిగులునది 28 అంగుళములు. రెండేండ్ల పిల్లవాని ఎత్తు సుమారు 34 అంగుళములు. వాని ముఖము గోడపైకి వచ్చును. కాలి క్రింద ఒక బొమ్మల పెట్టె ఉన్న చాలు, నీటిలోనికి ఒరుగును. నిన్నటివరకు నూతి గట్టువలె కాపాడిన గోడను మనమే తీసివేసినట్లయినది.

ఈ తేడాను ఫ్రాన్సు దేశపు చట్టము స్పష్టముగా గుర్తించినది. అక్కడ 2003లో చేసిన చట్టము ననుసరించి, పూర్తిగా గాని కొంత గాని భూమిలో దింపిన క్రొత్త ఈతకొలనులకు 2004 జనవరి 1 నుండి కంచె, అలారము, మూత, పైకప్పు అను నాలుగింటిలో ఒకటి తప్పనిసరి. నేలపైననే నిలిచిన తొట్టికి ఆ నిర్బంధము లేదు. అమెరికాలో 1 నుండి 4 ఏండ్ల లోపు పిల్లల మరణములకు మొదటి కారణము నీట మునుగుటయే. మునుగు పిల్లవాడు సినిమాలలో వలె కేకలు వేయడు, చేతులు కొట్టుకొనడు. వంటయింటిలో పోపు వేయుచున్న అమ్మమ్మకు చప్పుడైనను వినబడదు.

కనుక కంచె నాలుగు వైపుల ఉండవలెను. ఇంటిగోడను నాలుగవ వైపుగా లెక్కించినచో పెరటి తలుపే పిల్లవానికి దారి యగును. కంచె ద్వారము దానంతట అదే మూసుకొని గడియ పడవలెను. గడియ పిల్లల చేతికి అందరాదు. పని జరుగు దినములలోను తాత్కాలికపు కంచె కట్టవలెను, ఏలయన తొట్టిలో నీరు అప్పుడే చేరును. మీ అబ్బాయి గాని అమ్మాయి గాని పెరటి నక్షా పంపినపుడు అందులో తొట్టి గీత తప్పక ఉండును. కంచె గీతయు, నీరు పోవు గొట్టపు గీతయు ఉన్నవో లేవో చూచి, లేనిచో ఆనాడే ఫోనులో అడుగుడు.