పోయిన జన్మ బంధమా? ముందు కేతువు ఏం చెప్తున్నాడో విందాం

ఈ రోజు ఎపిసోడ్ మా వికారాబాద్, తాండూరు వైపు నుంచి వచ్చిన మెసేజ్‌ల మీద. అన్నీ కలిపి చూస్తే ప్రశ్న ఒక్కటే. "అక్కా, మొదటిసారి చూసినప్పుడే ఎప్పటి నుంచో తెలిసిన మనిషిలా అనిపించింది. యాప్‌లో ఇద్దరి డీటెయిల్స్ కొడితే కార్మిక్ కనెక్షన్ అని వచ్చింది. ఇది పోయిన జన్మ బంధమేనా?"

వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో దాదాపు 40 కిలోమీటర్లు. ధారూర్ దాటితే సగం దూరం కూడా ఉండదు అనిపిస్తుంది. కాలేజీకి, కోచింగ్‌కి, షాపులో పనికి అదే లైన్ మీద రోజూ తిరిగే పిల్లలు మీరు. అదే బోగీలో అదే ముఖం నెలరోజులు కనిపిస్తే తెలిసిన మనిషిలా అనిపించడంలో వింత లేదు. కానీ మీరు అడిగేది అంతకంటే లోతైన విషయమని నాకు తెలుసు. అందుకే దీన్ని తేలిగ్గా కొట్టేయను.

అసలు ఈ ఆలోచన మనకు కొత్త కాదు. మన ఇళ్ళల్లో ఋణానుబంధం అనే మాట అమ్మమ్మల కాలం నుంచి ఉంది. పెళ్ళి కుదిరినా అదే మాట, కుక్కపిల్ల ఇంటికొచ్చినా అదే మాట. జ్యోతిషంలో ఐదో ఇంటిని పూర్వపుణ్య స్థానం అంటారు. సినిమా సంగతి చెప్పక్కర్లేదు. 1964లో మూగమనసులు, 2009లో మగధీర. రెండిట్లోనూ ప్రేమ ఒక జన్మలో ఆగిపోయి ఇంకో జన్మలో మొదలవుతుంది. చెయ్యి తగిలితే చాలు, నాలుగు వందల ఏళ్ళ కింది కథ గుర్తొస్తుంది. ఆ కథలతో పెరిగాం కాబట్టి "ఎప్పటి నుంచో తెలిసినట్టుంది" అనిపించగానే మన మనసు నేరుగా పోయిన జన్మకే పోతుంది.

ఇప్పుడు మీ రీల్స్‌లో తిరుగుతున్న ఎవల్యూషనరీ ఆస్ట్రాలజీ ఏందో చూద్దాం. తెలుగులో పరిణామ జ్యోతిషం అనుకోండి. ఇది అమెరికాలో పెరిగింది. స్టీవెన్ ఫారెస్ట్ 1984లో ది ఇన్నర్ స్కై అనే పుస్తకం రాశాడు. జెఫ్రీ వుల్ఫ్ గ్రీన్ 1985లో ప్లూటో మీద పుస్తకం తెచ్చాడు. వాళ్ళు చెప్పేది సింపుల్‌గా ఇది: ఆత్మ జన్మ జన్మకీ ఏదో నేర్చుకుంటూ పోతుంది. జాతకంలో కేతువు ఉన్నచోట మనం వెనక నుంచి మోసుకొచ్చిన అలవాటు ఉంటుంది. రాహువు ఉన్నచోట ఈ జన్మలో నేర్చుకోవాల్సింది ఉంటుంది. ప్లూటో లోపలి బలమైన కోరికను చూపిస్తుంది.

మన పద్ధతికీ దీనికీ తేడా గమనించండి. మన పంచాంగంలో ప్లూటో లేదు. ఉండే అవకాశమే లేదు, అది కనిపెట్టిందే 1930లో. మన దగ్గర రాహువు అంటే భయం, అక్కడ రాహువు అంటే దారి. ఇంకోటి, వాళ్ళు ఎక్కువగా సాయన పద్ధతి వాడతారు, మన పంతుళ్ళు నిరయన పద్ధతి వాడతారు. రెండిటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. అందుకే యాప్ ఒక రాశి చెప్తే మీ ఇంటి పంతులు ఇంకో రాశి చెప్తాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, కొలిచే మొదలు వేరు.

ఇక అసలు పాయింట్. రాహు కేతువులు గ్రహాలు కావు. చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు తిరుగుతున్నట్టు కనిపించే దారి ఆకాశంలో రెండు చోట్ల దాటుకుంటాయి. ఆ రెండు చోట్లే రాహువు, కేతువు. అవి వెనక్కి జరుగుతూ ఒక చుట్టు పూర్తి చెయ్యడానికి 18.6 ఏళ్ళు పడుతుంది. అంటే ఒక్కో రాశిలో దాదాపు ఏడాదిన్నర. ప్లూటో ఇంకా నిదానం. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి 248 ఏళ్ళు.

దీనర్థం ఏంది? 2005లో పుట్టినవాళ్ళను తీసుకోండి. సాయన లెక్కలో దాదాపు అందరికీ రాహువు మేషంలో, కేతువు తులలో. ప్లూటో అందరికీ ధనుస్సులో. తాండూరులో పుట్టినా టోక్యోలో పుట్టినా అంతే. మీ ఇంటర్ క్లాసులో సగానికి పైగా పిల్లలకు ఇదే ఉంటుంది. మరి మీ ఇద్దరికీ కేతువు ఒకే రాశిలో ఉందని యాప్ చెప్తే అది మీ ఇద్దరి రహస్యమా, బ్యాచ్ మొత్తం రహస్యమా?

ఇంకో లెక్క చూడండి. ఇద్దరి మధ్య దాదాపు తొమ్మిదేళ్ళ తేడా ఉంటే ఒకరి రాహువు ఇంకొకరి కేతువు మీదికి వస్తుంది. ఎందుకంటే తొమ్మిదేళ్ళంటే ఆ చుట్టులో సగం. దీన్ని కూడా "జన్మల ఒప్పందం" అని చెప్పి భయపెట్టేవాళ్ళు, మురిపించేవాళ్ళు ఉన్నారు. అది ఒప్పందం కాదు, వయసు తేడా.

మరి మనిషికి మనిషికి మారేది ఏందంటే లగ్నం. అది దాదాపు రెండు గంటలకోసారి మారుతుంది. లగ్నాన్ని బట్టే కేతువు ఏ ఇంట్లో పడిందో తెలుస్తుంది. పుట్టిన టైం తెలియక మధ్యాహ్నం 12 అని కొట్టేస్తే ఆ ఇళ్ళన్నీ ఉత్తవే. టైం తెలియకుండా తీసిన రిపోర్ట్ చూసి జీవితం గురించి నిర్ణయం తీసుకోకండి.

సరే, టైం పక్కాగా ఉంది, జాతకం బాగానే వేశారు. అప్పుడు పరిణామ జ్యోతిషం మీ ప్రేమ గురించి ఏం చెప్తుంది? ఇక్కడే చాలామంది తలకిందులు చేస్తున్నారు. ఎదుటి మనిషి శుక్రుడో చంద్రుడో మీ కేతువు మీద పడితే దగ్గరితనం అనిపిస్తుందని వీళ్ళు అంటారు. నిజమే అనుకుందాం. కానీ అదే శాస్త్రం ప్రకారం కేతువు అంటే ఏంది? ఇప్పటికే చేసి చేసి అరిగిపోయిన అలవాటు. దాంట్లోంచి బయటికి రమ్మని చెప్పే చోటు. అంటే తెలిసినట్టు అనిపించడం "ఇక్కడే ఉండిపో" అనే ఆజ్ఞ కాదు. "ఇది నీకు అలవాటైన ఆట, ఈసారి కళ్ళు తెరిచి ఆడు" అనే హెచ్చరిక.

తులలో కేతువు, మేషంలో రాహువు అన్నాం కదా. వాళ్ళు దాన్ని ఎట్లా చదువుతారంటే, వెనక అలవాటు అందరినీ మెప్పించడం, గొడవ వద్దని సర్దుకుపోవడం, ఎదుటివాళ్ళ ముఖం చూసి మన మాట మింగేయడం. ఈ జన్మలో నేర్చుకోవాల్సింది సొంతంగా నిలబడటం, వద్దు అని చెప్పడం. ఇప్పుడు ఈ అమ్మాయికి ఒక అబ్బాయి దగ్గర చాలా తెలిసినట్టు అనిపించింది. ఎందుకు అనిపించింది? అతని దగ్గర కూడా ఆమె మళ్ళీ మెప్పించే పనిలోనే పడింది కాబట్టి. జన్మలను పక్కన పెట్టినా ఇది అర్థమవుతుంది. చిన్నప్పుడు ఇంట్లో కోపం చూసి పెరిగినవాళ్ళకు కోపిష్టి మనిషి కొత్తగా అనిపించడు. సొంతింట్లోకి వచ్చినట్టే ఉంటుంది. తాండూరు బండలు తీసేవాళ్ళను అడగండి, రాయి పొర ఉన్నచోటే చీలుతుంది. మనం కూడా అంతే, పాత పొర వెంటే పోతాం.

ఇప్పుడు రెండు మెసేజ్‌ల గురించి చెప్తా. ఎవరివో గుర్తుపట్టే వివరాలు చెప్పను.

ఒక చెల్లె రాసింది. ఆమెతో ఉన్న అబ్బాయి ఫోన్ చెక్ చేస్తాడు, ఫ్రెండ్స్‌తో మాట్లాడనివ్వడు, రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. ఆన్‌లైన్‌లో జాతకం చూసిన ఒకాయన ఏమన్నాడంటే, పోయిన జన్మలో నువ్వు ఇతన్ని బాధపెట్టావు, ఆ ఋణం తీరేదాకా ఓర్చుకోవాలి. చెల్లే, విను. ఏ రాహువూ ఏ కేతువూ దెబ్బలు తినమని చెప్పలేదు. ఋణం అనే మాటనే పట్టుకుందాం. బాకీ అంటే ఎంత, ఎప్పటికి, ఎవరు రాశారు అని అడిగే హక్కు ఉంటుంది. చూపించలేని బాకీకి నీ ఒళ్ళు ఎందుకు కట్టాలి? కొడుతున్నాడంటే 181కి ఫోన్ చెయ్యి, అది మహిళా హెల్ప్‌లైన్. అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే 112. సఖి సెంటర్‌లో మాట్లాడటానికి మనిషి, ఉండటానికి చోటు దొరుకుతాయి. జాతకం తర్వాత చూద్దాం.

ఇంకో తమ్ముడు రాశాడు. ఆ అమ్మాయి వద్దంది. కానీ తనకు నమ్మకం, పోయిన జన్మలో వాళ్ళు భార్యాభర్తలని. ఆమెకు గుర్తు రావడం లేదు అంతే, గుర్తు చెయ్యాలి అని రోజూ స్టేషన్ దగ్గర నిలబడుతున్నాడు. తమ్ముడూ, మగధీర మూడు గంటల సినిమా. బయట దాన్ని వెంటపడటం అంటారు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరం. నువ్వు నమ్మే లెక్కలో కూడా చూడు. ఆత్మ ముందుకు పోవడానికి పుట్టిందంటున్నావు. ఆమె ఆత్మ ముందుకు పోతోంది కదా, నువ్వెందుకు అడ్డం నిలబడ్డావు? ఆమె ఈ జన్మలో చెప్పిన "వద్దు" ముందు ఏ జన్మలో "అవును" అయినా చెల్లదు.

"అయినా రాసిపెట్టింది తప్పదు కదా అక్కా" అంటారు. మన అనంతగిరికే పోదాం. మూసీ పుట్టిన కొండ, అనంత పద్మనాభ స్వామి గుడి. వీకెండ్ వస్తే జంటలతో నిండిపోతుంది. ఆ క్షేత్రంలో తపస్సు చేశాడని స్థల పురాణం చెప్పేది ఎవరి గురించి? మార్కండేయుడి గురించి. ఆ పిల్లాడికి పదహారేళ్ళే ఆయుష్షు అని పుట్టకముందే రాసిపెట్టారు. పదహారు నిండిన రోజు యముడు పాశం వేస్తే శివలింగాన్ని గట్టిగా పట్టుకున్నాడు, రాత మారింది. రాసిందాన్ని దాటిన మనిషి తపస్సు చేశాడని చెప్పుకునే కొండ కింద బతుకుతూ, నా రాత ఇంతే అంటే ఎట్లా?

నమ్మకం సంగతి కూడా ముఖం మీదే మాట్లాడుకుందాం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు, ఫలితం 2009లో అచ్చయింది. బాగా చదివే పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిష్కులు, ఒక్కొక్కరికి 40 జాతకాలు. సగటున 46 శాతం కరెక్ట్. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. అందుకే నేను జాతకాన్ని సాక్ష్యంగా వాడను, మాట మొదలుపెట్టడానికి వాడతాను. మనల్ని మనం ప్రశ్న వేసుకునేలా చేస్తే అది పనికొచ్చినట్టే. "ఈ పూజ చేయించకపోతే వచ్చే జన్మలో కూడా విడిపోతారు" అని వేలకు వేలు అడిగితే అక్కడే కాల్ కట్ చెయ్యండి.

కాబట్టి "ఇది పోయిన జన్మ బంధమా" అనే ప్రశ్న పక్కన పెట్టి ఈ మూడు అడగండి. ఒకటి, ఈ మనిషి దగ్గర నేను వద్దు అనగలుగుతున్నానా? రెండు, ఈ బంధంలోకి వచ్చాక నా చదువు, నా పని, నా స్నేహితులు పెరిగారా తగ్గారా? మూడు, జన్మల కథ మొత్తం తీసేస్తే, ఈ ఆరు నెలల్లో ఈ మనిషి చేసిన పనులు చూసి నేను ఇతన్ని మళ్ళీ ఎంచుకుంటానా? మూడిటికీ మంచి సమాధానం వస్తే హాయిగా ఉండండి, కేతువు ఎక్కడున్నా పర్లేదు. రాకపోతే ఏడు జన్మల బంధం అని యాప్ చెప్పినా ఆలోచించండి.

వికారాబాద్ జంక్షన్‌లో లైన్ రెండుగా చీలుతుంది. ఒకటి తాండూరు మీదుగా వాడి వైపు, ఇంకోటి జహీరాబాద్, బీదర్ వైపు. వెనక ఎక్కడి నుంచి వచ్చారో టికెట్ మీద ఉంటుంది, ఎక్కడ దిగాలో మాత్రం మీరే చూసుకోవాలి.

వచ్చే ఎపిసోడ్‌లో పెళ్ళి పొంతనలో 36 గుణాల లెక్క ఎట్లా వేస్తారో, దాంట్లో నాడికి 8 మార్కులు ఎందుకో మాట్లాడుకుందాం. ఈ ఎపిసోడ్ అవసరమైన ఫ్రెండ్ ఎవరైనా మీకు గుర్తొచ్చి ఉంటే వాళ్ళకు పంపండి. జాగ్రత్త. ఉంటా మరి.