పదిహేనో వారంలో అడగాల్సిన ప్రశ్న



యువ డాక్టర్లు పట్టాలు అందుకునే ఇలాంటి వేదిక మీద దేశం గురించో భవిష్యత్తు గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం ఒకే ఒక్క సమస్య గురించి మాట్లాడతాను. దాదాపు 3,000 మంది గర్భిణుల్లో ఒకరికి వస్తుందని అంచనా. పరీక్షలో దీని మీద ప్రశ్న మీకు వచ్చి ఉండకపోవచ్చు. కానీ మీలో చాలామంది రేపో మాపో పీహెచ్‌సీలో కూర్చుంటారు. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులంతా ఒకేసారి వస్తారు. ఆ రద్దీలో ఏదో ఒక రోజు ఈ సమస్య ఉన్న ఒకామె కూడా వస్తుంది.

నాలుగో నెల. కార్డులో 15 వారాలని ఉంటుంది. బల్ల మీద సరిగ్గా కూర్చోలేక అంచున ఒరుగుతుంది. "మాటిమాటికీ వెళ్ళాల్సొస్తోంది మేడం, చుక్కలు చుక్కలుగా తప్ప రావట్లేదు" అని గొంతు తగ్గించి చెబుతుంది. పక్కనున్న అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు మామూలే కదమ్మా" అంటుంది. మీ చెయ్యి అప్పటికే కలం అందుకుంటుంది. యూరిన్ ఇన్ఫెక్షన్, అయిదు రోజులు యాంటీబయాటిక్, తర్వాతి వాళ్ళను రమ్మనండి.

ఆ కలం కాసేపు పక్కన పెట్టమని అడగడానికే వచ్చాను. "మూత్రం ధారగా వచ్చి ఎంతసేపయిందమ్మా?" అని అడగండి. నిన్నటి నుంచీ ధారగా రాలేదంటే ఆ చుక్కలు నిండిన మూత్రాశయం నుంచి పొంగి కారుతున్నవి. వెంటనే పొట్ట మీద చెయ్యి వేసి చూడండి. బొడ్డు దాకా గట్టిగా, నొప్పిగా ఒక ఉబ్బు తగలొచ్చు. నెలలు తప్పుగా లెక్కేశారనో, అండాశయంలో సిస్ట్ ఉందనో అనుకుంటారు. ఫోలీ కేథటర్ వేయండి. ఒక్కోసారి లీటరుకు మించి మూత్రం వస్తుంది, ఆ ఉబ్బు మీ చేతి కిందే మాయమవుతుంది. ఆమె ముఖంలో తేడా మీకు వెంటనే కనిపిస్తుంది.

అసలు జరిగింది ఇదీ. నూటికి 15 మంది దాకా స్త్రీలకు గర్భసంచి వెనక్కి వాలి ఉంటుంది. అది జబ్బు కాదు. గర్భసంచి తిరగబడింది, ఇక పిల్లలు పుట్టరని ఎవరో అంటే ఏడుస్తూ వచ్చే అమ్మాయిలున్నారు. వాళ్ళకు ధైర్యం చెప్పడం కూడా మీ పనే. గర్భం వచ్చాక 12–14 వారాల మధ్య ఆ గర్భసంచి మామూలుగా తనంతట తానే పైకి లేస్తుంది. ఎక్కడో ఒకరికి లేవదు. వెనక త్రికాస్థి ఎముక పైఅంచు, ముందు జఘనాస్థి, ఈ రెంటి మధ్య కటిలోనే ఇరుక్కుని పెరుగుతుంది. పాత ఇన్ఫెక్షన్లో ఎండోమెట్రియోసిసో మిగిల్చిన అతుకులు, ఫైబ్రాయిడ్లు దీనికి తోడవుతాయి. గర్భసంచి అడుగుభాగం వెనక పేగును నొక్కుతుంది, కాబట్టి నడుంనొప్పి, మలబద్ధకం. గర్భాశయ ముఖం (సర్విక్స్) ముందుకీ పైకీ లాక్కుపోయి మూత్రనాళాన్ని, మూత్రాశయం మెడను నొక్కుతుంది, కాబట్టి మూత్రం ఆగిపోతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 18వ శతాబ్దంలోనే లండన్‌లో విలియం హంటర్ దీన్ని వర్ణించాడు.

లోపలి పరీక్ష చేస్తే సర్విక్స్ వేలికి అందదు. జఘనాస్థి వెనక ఎక్కడో పైన ఉంటుంది. వెనకవైపు మాత్రం నున్నగా గుండ్రంగా ఒక గడ్డలాంటిది నిండి ఉంటుంది. అదే గర్భసంచి. స్కాన్ రిపోర్టును కూడా కళ్ళు మూసుకుని నమ్మకండి. గర్భసంచి తలకిందులుగా ఉన్నందువల్ల పైభాగంలో అంటుకున్న మాయ కిందికి కనిపించి, ప్లాసెంటా ప్రీవియా అని రాసే ప్రమాదం ఉంది. సర్విక్స్ సాగి పొడవుగా ఉందా, మూత్రాశయం ఎటు జరిగింది అని స్కాన్ చేసేవాళ్ళను మీరే అడగండి.

కేథటర్ తీసెయ్యకుండా ఉంచి, మోకాళ్ళ మీద వంగి ఛాతీని మంచానికి ఆనించి కాసేపు ఉండమనండి. రోజులో కొన్నిసార్లు. కొందరిలో ఇంతమాత్రానికే గర్భసంచి పైకి జరుగుతుంది. జరగకపోతే పెద్దాసుపత్రిలో అనుభవమున్న ప్రసూతి నిపుణులు, అవసరమైతే మత్తిచ్చి, యోని వెనకభాగం నుంచి మెల్లగా పైకి నెడతారు. ఈ పనులన్నీ 20 వారాల్లోపు జరగాలి. ఆ తర్వాత నెట్టడం తల్లికీ బిడ్డకూ ప్రమాదం కాబట్టి సాధారణంగా ప్రయత్నించరు. అప్పటికి గర్భసంచి ముందుగోడ సంచిలా సాగి పలచబడుతుంది. నెలలు నిండేదాకా ఎవరూ గుర్తించకపోతే, సిజేరియన్‌లో మామూలు చోట కోత పెట్టిన సర్జన్ కత్తి మూత్రాశయంలోంచీ సర్విక్స్‌లోంచీ వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకే ముందే ఎంఆర్‌ఐ తీయించి, కోత ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవాలి.

పీహెచ్‌సీలో ఎంఆర్‌ఐ లేదు, మత్తు డాక్టరూ లేరు. కేథటర్ ఉంది, చెయ్యి ఉంది, అడిగే నోరు ఉంది. మొదటి గంటలో కావలసింది అంతే. ఆమెను పెద్దాసుపత్రికి పంపేటప్పుడు చీటీలో "యూరిన్ ప్రాబ్లం" అని రాసి ఊరుకోకండి. ఎన్ని వారాలు, ఎన్ని మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది, సర్విక్స్ ఎక్కడ తగిలింది, గర్భసంచి ఇరుక్కుందని అనుమానిస్తున్నాను అని స్పష్టంగా రాయండి. సరిచేశాక కూడా కొందరికి మళ్ళీ వెనక్కి వాలుతుంది. కాబట్టి ఊళ్ళోకి తిరిగొచ్చిన వారానికే ఆశా కార్యకర్తను ఆమె ఇంటికి పంపి, అదే ప్రశ్న మళ్ళీ అడగమనండి.