ఇంటివద్ద భౌతిక, రసాయన శాస్త్రాలు: ఏ పుస్తకం చదవాలి?

భౌతిక, రసాయన శాస్త్రాలను తమంత తాముగా నేర్చుకొనగోరేవారు మనలో చాలామంది ఉన్నారు. కొందరు కళాశాల గడప తొక్కనివారు. కొందరు తొక్కి ఏనాడో మరచినవారు. "ఏ పుస్తకం చదవమంటారు?" అని వారు అడిగినప్పుడు మేము వెంటనే పేరు చెప్పము. ఇదివరకు మొదలుపెట్టిన పుస్తకం ఏ పుటవద్ద ఆగినదని అడుగుతాము. చాలామంది ముప్పది నలుబది పుటలు దాటి ఉండరు. పాపం, తమకు బుద్ధి చాలలేదని వారు అనుకొంటారు. తప్పు చాలాసార్లు పుస్తకాన్ని ఎన్నుకొనుటలోనే ఉంటుంది.

ఈ అనుభవం మాకూ ఉన్నది. ఒకప్పుడు ఫైన్‌మన్ భౌతికశాస్త్ర ఉపన్యాసాల మూడు సంపుటాలను ఎంతో ఉత్సాహంతో ముందు పెట్టుకొన్నాము. 1961–63 మధ్య అమెరికాలోని కాల్టెక్‌లో ఆయన విద్యార్థులకు చెప్పిన పాఠాలవి. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్లే ఉన్నది. పుస్తకం మూసి చిన్న లెక్క చేయబోతే చేయి ఆడలేదు. అభ్యాసాలు ఆ సంపుటాలలో లేవు, వేరుగా అచ్చయినవి. విద్యార్థులకు తాను అంతగా మేలు చేయలేకపోయానేమోనని పీఠికలో ఆయనే సందేహించారు. గ్రంథం గొప్పదే, కాని రెండవసారి చదువుకు పనికివచ్చేది.

మొదటిసారికి ఎటువంటిది కావలెనో మైకేల్ ఫారడే చరిత్ర చెబుతుంది. 1805లో, పదునాలుగవ ఏట, ఆయన లండనులో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరారు. బైండుకు వచ్చిన పుస్తకాలనే చదివేవారు. వాటిలో ఒకటి జేన్ మార్సెట్ వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణలు. ఒక ఉపాధ్యాయురాలికి, ఇద్దరు బాలికలకు మధ్య జరిగే మాటల రూపంలో ఉన్న గ్రంథమది. తనకున్న కొద్ది డబ్బులతో చేయగలిగిన చిన్న ప్రయోగాలు చేసి, పుస్తకం చెప్పినది నిజమని తేలిన తరువాతనే ఆయన దానిని నమ్మారు. తరువాతి కాలంలో తన పరిశోధన పత్రాలను ఆమెకు కృతజ్ఞతతో పంపేవారు.

కనుక పుస్తకం కొనేముందు దానిని ఇట్లు పరీక్షింపుడు. లోలకమును గురించిన పుట తీయండి. ఒక మీటరు దారానికి రాయి కట్టి ఊపితే, పోయి వచ్చుటకు సుమారు రెండు సెకండ్లు పట్టును. దారం పాతిక సెంటీమీటర్లయితే ఒక్క సెకండు. పొడవు నాలుగోవంతయితే కాలం సగమే ఎందుకు అయినదో ఆ పుట మీచేత ఆలోచింపజేయవలెను. ఉత్త సూత్రం వ్రాసి ముందుకు పోయే పుస్తకాన్ని అక్కడే వదలవచ్చును. రసాయనంలో మోల్ అనే భావన చూడండి. 18 గ్రాముల నీటిలో 6.022×10²³ అణువులు ఉంటాయన్న మాటను ఎన్ని ఉదాహరణలతో విప్పినారో లెక్కించండి.

మా ఎన్నిక ఇది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదకొండు, పండ్రెండు తరగతుల పుస్తకాలతో ఆరంభింపవచ్చును. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరకుతాయి. తరువాత భౌతికానికి 1960లో మొదట వెలువడిన హాలిడే, రెస్నిక్‌ల గ్రంథం. రసాయనానికి 1947 నాటి లైనస్ పౌలింగ్ సామాన్య రసాయనశాస్త్రం, తరువాతి కూర్పు అయితే మేలు. అలసినప్పుడు చదువుకొనుటకు పెరెల్మాన్ వినోద భౌతికశాస్త్రం ఉండనే ఉన్నది. మాస్కోలో ఇంగ్లీషున అచ్చయిన ఆ ప్రతులను మనలో పెద్దవారు విశాలాంధ్ర పుస్తకశాలల్లో చౌకగా కొన్నవారే.

తెలుగులో చదివినవారు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వారి ఇంటర్మీడియట్ గ్రంథాన్ని ప్రక్కన ఉంచుకోవలెను. మాటల చిక్కు చిన్నది కాదు. పాఠ్యగ్రంథాలలో పరమాణువులు కలిస్తే అణువు. పత్రికలలో అణుబాంబు అన్నప్పుడు మాత్రం పరమాణువునే అణువంటున్నాము! ఈ తేడా తెలియక మోల్ వద్ద తికమకపడినవారిని మేము ఎరుగుదుము.

పాత పుస్తకాలయినా ఫరవాలేదు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికినా కొనండి. కాని ముందుగా చివరి పుటలు త్రిప్పి చూడండి. లెక్కల జవాబులున్న కాగితాలు చిరిగి ఉంటే, ఎంత చౌకయినా అక్కడే పెట్టి రండి.