లైటు తీసే ముందు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం గృహహింస గురించి, కూలిరేట్ల గురించి, భూమి పట్టాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు నేను ఇంట్లో సినిమా చూసుకునే చిన్న ప్రొజెక్టర్ గురించి మాట్లాడతానంటే కొందరికి చిరాకు కలగొచ్చు. "దానికీ స్త్రీల హక్కులకీ ఏమిటండీ సంబంధం?" అని ఇందాక టీ తాగుతున్నప్పుడు ఒకరు అడగనే అడిగారు. సంబంధం ఉందని చెప్పడానికే నిలబడ్డాను.

విశ్రాంతి, తీరిక ప్రతి మనిషికీ హక్కని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో రాసుంది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ నిర్మూలించాలన్న 1979 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక ఇంకో అడుగు ముందుకు వేసింది. వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమానంగా పాల్గొనే హక్కు ఉందని 13వ అధికరణంలో చెప్పింది. భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను 1993లో ధ్రువీకరించింది. మనం పని హక్కు గురించి ఎన్నో సభలు పెట్టాం. పని ఆపే హక్కు గురించి ఎన్ని పెట్టాం?

ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. పాత సినిమా హాలు ప్రొజెక్టర్‌ని ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాలి. ఇది టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. లోపల ఎల్ఈడీ దీపం. చవక రకాల్లో ఆ వెలుగు ఒక చిన్న ఎల్సీడీ పలక గుండా వచ్చి గోడ మీద పడుతుంది. ఖరీదైన వాటిలో లక్షల సంఖ్యలో సూక్ష్మమైన అద్దాలున్న చిప్పు ఉంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్పు అది. ఏడెనిమిది వేల రూపాయలకు కూడా ఇప్పుడు చిన్న ప్రొజెక్టర్లు దొరుకుతున్నాయి. టీవీ కొనలేని ఇల్లు, అద్దెకు మారుతూ ఉండే కుటుంబం, హాస్టల్ పిల్లలు వీటిని కొంటున్నారు.

దీని స్వభావంలో ఒక విషయం మన చర్చకు ముఖ్యం. టీవీ తన వెలుగు తాను తెచ్చుకుంటుంది, గదిలో లైటు ఉన్నా కనిపిస్తుంది. ప్రొజెక్టర్‌కి చీకటి కావాలి. గోడ మీద పడ్డ బొమ్మ, గదిలోని వెలుగుతో పోటీ పడి ఓడిపోతుంది. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఇంకా పలచబడుతుంది. అరవై అంగుళాల బొమ్మని నూట ఇరవై అంగుళాలకి పెంచితే వెలుగు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. కాబట్టి ప్రొజెక్టర్ ఇంట్లోకి వస్తే దాంతోపాటు ఒక ఆజ్ఞ కూడా వస్తుంది: లైట్లు తీసేయండి.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు టీవీ ఎలా చూస్తారో గుర్తు తెచ్చుకోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూస్తారు. బట్టలు మడతపెడుతూ, పిల్లకి జడ వేస్తూ, బీడీలు చుడుతూ, జాకెట్లకి హుక్కులు కుడుతూ చూస్తారు. కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళి, తిరిగొచ్చి "ఏమైందే?" అని అడిగి మళ్ళీ కథలో పడతారు. చేతులు పనిలో, కళ్ళు తెర మీద. ఇదీ ఆడవాళ్ళ తీరిక.

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో ఈ సంగతి విచిత్రంగా బయటపడింది. ఆరేళ్ళు, అంతకు పైబడిన ఆడవాళ్ళలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిచాకిరీ చేస్తున్నారు. మగవాళ్ళలో 26.1 శాతం. ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. ఇంతవరకు మనకు ఆశ్చర్యం లేదు. కానీ అదే 2019 సర్వేలో సాంస్కృతిక కార్యక్రమాలు, తీరిక, ప్రసార సాధనాలు, ఆటలు అన్న పద్దు కింద చూస్తే ఆడవాళ్ళకు 165 నిమిషాలు, మగవాళ్ళకు 164! ఇక్కడ సమానత్వం వచ్చేసిందని సంబరపడదామా? నిమిషాల లెక్క చేతుల సంగతి చెప్పదు. కాళ్ళు చాపుకుని చూసిన గంటా, చిక్కుడుకాయల ముందు కూర్చుని చూసిన గంటా పట్టికలో ఒకే తీరుగా కనిపిస్తాయి.

చేతిలో పనితో టీవీ చూడొచ్చు. ప్రొజెక్టర్ ముందు ఆ పని సాగదు. చీకట్లో రాళ్ళెలా ఏరతాం? సూదిలో దారమెలా ఎక్కిస్తాం? కాబట్టి ఈ యంత్రం వచ్చిన ఇంట్లో రెండే దారులు. ఆడవాళ్ళు పని ఆపి వచ్చి కూర్చోవాలి, లేదా లైటున్న చోటికి, అంటే వంటింట్లోకి వెళ్ళిపోవాలి. టీవీ ఇన్నాళ్ళూ కప్పిపుచ్చిన అసమానతని ప్రొజెక్టర్ బయట పెడుతుంది. నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

ఒక సంక్రాంతికి మా అన్నయ్య ఇంట్లో నేను చూసింది చెబుతాను. మేనల్లుడు కొత్త ప్రొజెక్టర్ తెచ్చాడు. తెల్ల దుప్పటి గోడకి కట్టారు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. వాడు, "అమ్మా, వంటింటి లైటు తీసెయ్యవే, బొమ్మ మీద పడుతోంది" అన్నాడు. "లైటు తీస్తే అరిసెలు మాడేది ఎట్లా తెలుస్తుందిరా? మీరు చూడండి, నాదేముంది" అంది వదిన. సమస్య నిమిషంలో తీరిపోయింది. ఎవరో ఇంకో దుప్పటి తెచ్చి వంటింటి గుమ్మానికి అడ్డం కట్టారు. టీవీ ఉన్నప్పుడు గుమ్మంలో నిలబడి సగం సినిమా అయినా చూసే మనిషి, ఆ రాత్రి మాటలు మాత్రమే వింది. అక్కడ దుర్మార్గులు ఎవరూ లేరు. కొడుకుకి తల్లంటే ప్రాణం. కానీ పొయ్యి ఆపి, తలా కాసిని వత్తి, తొమ్మిదింటికి అందరం కలిసి చూద్దామన్న ఆలోచన పదకొండు మందిలో ఒక్కరికీ రాలేదు. పితృస్వామ్యం చాలాసార్లు ఇలా ప్రేమగానే పని చేస్తుంది.

ఇంట్లోకి వచ్చే ప్రతి వినోద యంత్రం వెనకా అధికార సంబంధాలు ఉంటాయని స్త్రీవాద పరిశోధకులు ఏనాడో చూపించారు. డేవిడ్ మోర్లీ 1986లో లండన్ కుటుంబాల టీవీ అలవాట్ల మీద రాసిన పుస్తకంలో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్నది పెద్ద విషయంగా తేలింది. ఇంగ్లండులో ఆన్ గ్రే వీడియో ప్లేయర్ల మీద పరిశోధన చేస్తూ స్త్రీలను ఒక ప్రశ్న అడిగింది: మీ ఇంట్లో వస్తువులకి ఆడవాళ్ళ రంగు గులాబీ, మగవాళ్ళ రంగు నీలం వేయమంటే దేనికేది వేస్తారని. ఇస్త్రీపెట్టె గులాబీ, డ్రిల్లింగ్ మిషన్ నీలం. వీడియో దగ్గర ఒక రంగు సరిపోలేదు. టైమర్ నీలమయింది, రిమోట్ చిక్కటి నీలమయింది. ఆమె ఇంకొక సంగతి కూడా గమనించింది. కొందరు స్త్రీలు ఆ టైమర్‌ని కావాలనే నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఆ చాకిరీ కూడా తమ నెత్తినే పడుతుందని వాళ్ళకి తెలుసు! "మా ఆవిడకి ఇవేం తెలియవండీ" అని నవ్వే మగవాళ్ళు ఈ తెలివిని గుర్తించరు.

ప్రొజెక్టర్‌తో ఇంకొక చిక్కుంది. చాలా ఇళ్ళల్లో దాన్ని ఫోనుకి కలుపుతారు. ఎవరి ఫోనుకి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ఆ ఫోను ఉన్న ఆడపిల్లకి అది వస్తువు మాత్రమే కాదు, ఇంట్లో తనకంటూ ఉన్న ఒకే ఒక్క మూల. ఫోను తెరని యథాతథంగా గోడ మీదకి పంపే పద్ధతిలో సినిమా మధ్యలో వచ్చిన ప్రతి కబురూ, పేరూ గోడంత పెద్దగా పడొచ్చు. స్నేహితుడి సందేశం కావచ్చు, మన సహాయ కేంద్రం నుంచి వచ్చిన జవాబు కావచ్చు. భర్త కొడుతున్నాడని మనకి రాసుకున్న స్త్రీకి ఇది ప్రాణాపాయం. మీ దగ్గరికి వచ్చే స్త్రీలకి ఈ సంగతి చెప్పండి. ఫోను కలిపే ముందు నోటిఫికేషన్లు ఆపేయాలి, లేదా సినిమాని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెట్టాలి.

చీకటికి రెండు ముఖాలున్నాయి. మామగారి ఎదుట నోరు విప్పని కోడలు చీకట్లో పగలబడి నవ్వినా, కన్నీళ్ళు పెట్టుకున్నా ఎవరూ చూడరు. సినిమా హాళ్ళు మన అమ్మలకి, అమ్మమ్మలకి ఇచ్చిన స్వేచ్ఛ అదే. టూరింగు టాకీసుల్లో ఆడవాళ్ళ వైపు, మగవాళ్ళ వైపు అని అడ్డు కట్టినా, ఆ కాసేపు వాళ్ళు ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. కానీ బంధువులతో, ఇరుగుపొరుగుతో కిక్కిరిసిన చీకటి గదిలో చిన్నపిల్లల పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా మనకి పట్టాలి. పిల్లల మీద లైంగిక నేరాలు చేసేది ఎక్కువగా తెలిసినవాళ్ళేనని పిల్లల కేసులు చూసిన కార్యకర్తలకు నేను చెప్పనక్కర్లేదు. వెనకపక్క ఒక చిన్న దీపం ఉంచితే బొమ్మకి పెద్దగా నష్టం లేదు. ఒకే గది ఉన్న ఇంట్లో ఇంకొకటి: అందరూ సినిమా చూస్తుంటే రేపు పరీక్ష ఉన్న అమ్మాయి ఎక్కడ చదువుకుంటుంది?

ఇదంతా విని ఈ యంత్రాన్ని వద్దంటున్నానని అనుకోకండి. తీసుకోమనే అంటున్నాను, ఇళ్ళకి మాత్రమే కాదు, సంఘాలకి. తెర ముందు పదిమంది కూడటం మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాల్లో ఊరుమ్మడి టీవీలు పెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. కానీ ఏం చూపించాలో నిర్ణయించింది పైవాళ్ళు. దానికి భిన్నమైనది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అనుభవం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, బడి మొహం చూడనివాళ్ళు కూడా, కెమెరాలు పట్టి తమ విత్తనాల గురించి, వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాల గురించి చిత్రాలు తీశారు. 2008లో వాళ్ళ సంగం రేడియో మొదలైంది. దూబగుంట స్త్రీలు 1992లో సారాకి ఎదురు తిరగడం వెనక అక్షరాస్యత తరగతిలో కలిసి చదివిన పాఠం ఉంది. కలిసి చదివినా, కలిసి చూసినా, ఆ తర్వాత కలిసి మాట్లాడుకున్నప్పుడే కదలిక పుడుతుంది.

సంఘానికి కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. డబ్బా మీద వేల ల్యూమెన్లని రాసుంటుంది, నమ్మకండి. తెర మీద తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీసే ఆన్సీ ల్యూమెన్ల లెక్క అడగండి. కొనే ముందు వెలిగించి, లైటున్న గదిలో ఒకసారి, చీకట్లో ఒకసారి చూడండి. బ్యాటరీ ఉన్నవి చాలావరకు రెండు గంటలు అటూ ఇటూగా పని చేస్తాయి, తెలుగు సినిమా క్లైమాక్సుకి ముందే ఆరిపోతుంది. లోపలి స్పీకరు నలభై మందికి వినపడదు, వేరే స్పీకరు తీసుకెళ్ళండి. తెరకి ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి చాలు. చిన్నపిల్లల్ని లెన్సులోకి తొంగి చూడనివ్వకండి. పదిమందికి చూపించే చిత్రానికి తీసినవాళ్ళ అనుమతి కావాలి. డాక్యుమెంటరీలు తీసేవాళ్ళని అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని బిగించడం, కలపడం, సరిచేయడం సంఘంలో కనీసం ఐదుగురు స్త్రీలు నేర్చుకోవాలి. ఎవరి కొడుకో వస్తే తప్ప వెలగని యంత్రం మనది కాదు. ఇరవై నిమిషాల చిత్రం వేయండి, గంట మాట్లాడుకోండి.

ఇక ఇళ్ళ సంగతి. ఈ త్రైమాసికంలో మీ ఊరి సంఘ సమావేశాల్లో నాలుగు ప్రశ్నలు చర్చకి పెట్టమని కోరుతున్నాను. సినిమా ఎన్నింటికి మొదలుపెట్టాలో ఎవరు నిర్ణయించారు? ఆ వేళకి అంట్లు ఎవరు తోమారు? ఏ సినిమా అన్నది ఎవరి మాట? లైటు తీశాక గదిలో లేనిది ఎవరు? ఈ నాలుగో ప్రశ్నకి జవాబుగా ఒక్క పేరు వచ్చినా, ఆ మనిషి వచ్చి కూర్చునేదాకా లైటు తీయొద్దని ఆ ఇంట్లో వాళ్ళకి చెప్పగలగాలి. మనం ముందు మన ఇళ్ళల్లో చెప్పుకుందాం.